అయిదు మీటర్ల తల

తదియ

శేషూ, ఎలా ఉన్నావే? చాలా ఆలస్యమైంది, తిట్టుకో, పడతాను. అమావాస్యకే రాద్దామని కూర్చున్నాను. ఉప్పుగాలికి మా వైపు తీగ తుప్పుపట్టి తెగింది. కొత్తది లాగేసరికి పోటు బలం తగ్గిపోయింది. పైలంకలో పోటు ఆడితేనే కరెంటు, కరెంటుంటేనే కబురు. నువ్వు ఓడెక్కి వెళ్ళిపోయాక ఈ బాధలన్నీ మర్చిపోయి ఉంటావులే. ఇకనుంచి రోజూ కాస్త రాసి ఉంచుతాను. తీగ కలిసినప్పుడు అంతా మూటగా వచ్చి నీ మీద పడుతుంది, వరసగా చదువుకో.

కొట్టు బాగానే నడుస్తోంది. సముద్రంలో ఇనుపకాళ్ళ మీద నిలబడ్డ ఊళ్ళో పంపులమ్మేదానికి పని తక్కువవుతుందా? అంతస్తుల్లా ఉన్న మూడు అరుగుల మీదా ప్రతి ఇంట్లో ఓ చేపల తొట్టి, దాని కింద మురికి వడకట్టే చిన్న తొట్టి, అందులోంచి నీళ్ళని మళ్ళీ పైకి తోసే పంపు. ఆ పంపు ఆగితే ఆ ఇంట్లో కూరా లేదు, ఆకూ లేదు. అయినా పంపు కొనడానికి వచ్చినవాళ్ళు రంగు అడుగుతారు. మొన్న ఒకాయన "నీలం రంగులో ఉందాండి, మా గోడకి కలుస్తాది" అన్నాడు. నీళ్ళలో మునిగి ఉండే పంపుకి గోడతో పనేంటో ఆయన్నే అడగాలి.

సరే, అసలు సంగతి. నూకరత్నం గుర్తుంది కదా, మొదటి అరుగు కింద వలలు బాగుచేసేది, ఎవరితోనూ పడదు, నాతో తప్ప. ఆవిడ విలసల్ని పట్టింది. ప్రాణంతో! మన అమ్మమ్మలు చెప్పేవాళ్ళు చూడు, సముద్రంలో ఉన్నంతసేపు విలస, గోదావరికి ఎదురెక్కితే పులస అని. ఆ గోదావరి సముద్రం దాకా రావడం మానేసి ఎంతకాలమైందో. పాపం ఆ చేపలకి ఆ సంగతి తెలీదు. వానకాలంలో మన ఊరి తూములోంచి మంచినీళ్ళు పడుతుంటే అదే నది అనుకుని వచ్చి కాళ్ళ దగ్గర తిరుగుతున్నాయి. వల తగిలితే చచ్చిపోతాయని నూకరత్నం తొట్టిని నీళ్ళలోకి దించి, అవి వాటంతట అవి లోపలికి వచ్చేదాకా కూర్చుంది. ఓ డజను దాకా ఉన్నాయి.

కొట్టుకి వచ్చి, "వరాలూ, నీ పంపుల్లో గోదారి ఉందేంటే?" అంది.

"గోదారి లేదు గానీ కాలవుందే, ఎంత పెద్ద కాలవ కావాలో చెప్పు," అన్నాను.

"అయ్యి ఎదురీదాల. ఎదురీదకపోతే నిలవవు. నిలిచినా విలసలాగే చత్తాయి."

నిలవనీళ్ళలో ఆ చేప బతకదు. అందుకే ఆవిడ ఆ తొట్టి పక్కన కూర్చుని తెడ్డుతో నీళ్ళు తిప్పుతూనే ఉంది. నేను వెళ్తే కాసేపు నా చేతికిస్తుంది, ఈలోపు అన్నం తింటుంది. ఆ తిప్పడం పంపుకి అప్పగించేదాకా ఆవిడకి నిద్ర లేదు, చేపలకి నమ్మకం లేదు.

పంచమి

ఇందులోకి మన ప్రెసిడెంటు కోటిలింగం గారు దిగారు. ఇక అయిపోయిందనుకో.

పులసలు బతికితే పైలంక పేరు మోగిపోతుందని ఆయనకి ఎవరో చెప్పారు. వెంటనే రెండో అరుగు మీద హాలు ఇచ్చేశారు, నూకరత్నం తొట్టిని అక్కడికి మోయించారు. ఒక షరతు: అష్టమికి ఒడ్డు నుంచి గట్టు కమిషనరు గారి పడవ వస్తుంది, ఆ రోజుకి తొట్టిలో చేపలు కనపడాలి. కనపడకపోతే హాలు వాళ్ళ బావమరిది అమ్మిరాజు ఐసు కొట్టుకి పోతుంది. అష్టమి నాడు ప్రారంభోత్సవమేంటే? చంద్రుడు సగం, పోటు సగం, కరెంటు సగం. మామూలు మనిషి ఆ రోజు గోళ్ళు కూడా తీసుకోడు.

పైన అద్దాల తొట్టి, కింద సంపు కావాలని నేనే చెప్పాను. మా వ్యాపారంలో సంపంటే ఆ వడకట్టే చిన్న తొట్టి. కట్టే పని దక్కిన అమ్మిరాజుకి తెలిసిన సంపు, పాతకాలం ఇళ్ళ ముందు నేల కింద కట్టి, మనిషి దిగి కడిగే సంపు. వెళ్ళి చూద్దును కదా, రాత్రికి రాత్రే అరుగు పలకలు కోసి, హాలంతా తవ్వినట్టు పెద్ద గుంత, లోపలికి నిచ్చెన, పైన ఇనుప మూత! అందులో రెండు కుటుంబాలు కాపురం పెట్టొచ్చు. పైన పెట్టబోయే అద్దాల తొట్టి దాని పక్కన చెంబులా ఉంది.

"ఇదేంటండీ అమ్మిరాజు గారూ?"

"సంపు కావాలన్నావు కదమ్మా. ఎదవ సంపు కట్టి మాట పడతానా నేను? వానకాలం నీళ్ళన్నీ దీంట్లోనే నింపేశా."

ఇక పంపు. ఆఫీసులో సలహా పెట్టె ఉంది చూడు, ఏదడిగినా గ్రాంథికంలో జవాబిచ్చే గోడ పెట్టె, ప్రెసిడెంటు గారు దాన్నే అడిగారు. అది గొంతు సవరించుకుని, "ఉత్తమ పంపు. ప్రవాహము: గంటకు పన్నెండు వేల లీటర్లు. తల: అయిదు మీటర్లు," అంది.

తలట! నీళ్ళని ఎంత ఎత్తుకి ఎత్తగలదో చెప్పే లెక్కని పరాయి భాషలో హెడ్ అంటారు, అంటే తల. ఈ పెట్టె దాన్ని మాటకి మాట మార్చేసింది. ప్రెసిడెంటు గారి మొహం వెలిగిపోయింది.

"అయిదు మీటర్ల తల! విన్నావా వరాలమ్మా? తలంటే అలా ఉండాల. మన తొట్టి కూడా సరిగ్గా అయిదు మీటర్ల మీదే ఉండాల. మూడు అరుగులకీ కనపడతాది."

"అయ్యా, ఆ అయిదు అనేది పంపు అలిసిపోయే చోటండి. పన్నెండు వేలనేది ఎత్తే లేకపోతే వచ్చే నీళ్ళు. ఈ రెండూ ఒక్కసారి రావండి. అయిదు మీటర్లకి పెడితే నీళ్ళు అక్కడిదాకా ఎక్కి నిలబడతాయి గానీ బయటికి పడవు."

"ఎక్కుతాయా, ఎక్కవా?"

"ఎక్కుతాయండి, కానీ…"

"ఎక్కుతాయందిగా! రాసుకోండి."

మెట్లన్నీ ఎక్కి చివరి మెట్టు మీద ఆయాసంతో కూలబడ్డవాణ్ణి బిందెడు నీళ్ళు కూడా తెమ్మన్నట్టుంది యవ్వారం. నా దగ్గర ఇంకో పంపు ఉంది, తల దీనికి రెట్టింపు, నీళ్ళు తక్కువ, కరెంటూ తక్కువే. దాన్ని పెట్టి, తొట్టిని నడుమెత్తులో ఉంచితే సరిపోయేది. ఆయన నా పంపు పెట్టె మీది అంకెలు చూసి, "పన్నెండు వేలెక్కడ, నాలుగువేలెక్కడ? కమిషనరు గారికి నాలుగువేలని చెప్పమంటావా?" అన్నారు. అంకె చూసి పంపు కొనేవాళ్ళకి నేను ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాను, కానీ అంకెకి సరిపడా ఎత్తు కట్టించినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

షష్ఠి

టేపు పట్టి మరీ సరిగ్గా అయిదు మీటర్లకి ఇనుప దిమ్మె కట్టారు. దాని మీద అద్దాల తొట్టి. దిమ్మెకి ప్రెసిడెంటు గారి పేరు, తొట్టికి ఆయన తండ్రి గారి పేరు. చేపలకి పేర్లు పెట్టలేదు, అదొక్కటే తక్కువ.

పంపు అమ్మిరాజే ఒడ్డు నుంచి తెప్పించాడు, దాన్ని నడిపి చూశారు. సంపులోంచి నీళ్ళు పైపులో గబగబా ఎక్కాయి. పై మూతి దాకా వచ్చాయి. ఆగాయి. అంతే. మూతిలో నీళ్ళు గుండ్రంగా మెరుస్తూ నిలబడ్డాయి, ఒక్క చుక్క కింద పడలేదు. పంపు మాత్రం కింద గుర్రుగుర్రుమంటోంది. నిచ్చెన మీదున్న అమ్మిరాజు వేలు పెట్టి చూసి, "తడిగానే ఉంది బావా!" అని అరిచాడు.

ప్రెసిడెంటు గారు చప్పట్లు కొట్టారు. నిజం శేషూ, చప్పట్లు కొట్టారు.

"నీళ్ళు పడట్లేదు కదండీ," అన్నాను.

"కొత్త పంపమ్మా. అలవాటు పడొద్దా?"

ఆఫీసు గోడ మీంచి సలహా పెట్టెని ఊడదీయించి హాల్లో తగిలించి, మళ్ళీ దాన్నే అడిగారు. అది "పంపు తన సామర్థ్యమునకు తగిన ఎత్తును అందుకొన్నది. అభినందనలు," అంది. ఆ పెట్టెని సముద్రంలో పడేస్తే అక్కడ కూడా చేపల్ని అభినందిస్తుంది.

పైన తొట్టి ఖాళీగా ఉంటే బాగుండదని మనుషుల్ని పెట్టి బకెట్లతో నింపించారు. అష్టమి నాడు పొద్దున్నే చేపల్ని పైకి చేర్చి అందులో వదలమని నూకరత్నానికి హుకుం. ఆవిడ తెడ్డు ఆపకుండానే విన్నది.

"నిలవనీళ్ళండి అవి."

"అద్దంలోంచి ఎంత చక్కగా కనపడతాయో తెలుసా?"

"కనపడతాయండి. ఎల్లకిలా కనపడతాయి."

ఆయనకి ఆ మాట అర్థమైనట్టు లేదు, వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను ఆవిడ తొట్టిలోకి చూస్తే ఒక చేప అప్పటికే పక్కకి వాలి తేలుతోంది. నూకరత్నం దాన్ని తీసి పొట్ట మీద చెయ్యేసి చాలాసేపు ఉంచింది. నాకు ఆ దిమ్మెని ఒక్క తన్ను తన్నాలనిపించింది.

సప్తమి

ఈ రోజు జరిగింది నిదానంగా చెప్తాను, నువ్వూ నిదానంగా చదువు.

నా పంపు చంకలో పెట్టుకుని హాలుకి వెళ్ళాను. ప్రెసిడెంటు గారు లేనప్పుడు పెద్ద పంపు తీసేసి ఇది బిగించేద్దామని. కరెంటు అప్పటికే నీరసంగా ఉంది. పోటు సన్నగిల్లుతోంది కదా, నిన్న పై మూతి దాకా ఎక్కిన నీళ్ళు ఇవాళ మనిషెత్తు పైదాకా వచ్చి అక్కడే ఊగుతున్నాయి. మోటారు పేరు కోసం తిరుగుతోంది. నా పంపు లెక్క వేసుకున్నాను. ఇంత నీరసం కరెంటులో అది కూడా అయిదు మీటర్లు ఎక్కి సన్నటి ధార పోస్తుంది. ఆ ధార మనకి చాలు, ఆ చేపకి చాలదు. ఇన్నాళ్ళూ ప్రెసిడెంటు గారిని తిట్టుకుంటూ నేను నా పంపు గురించే ఆలోచించానే తప్ప, చేపకి ఎంత ఉరవడి కావాలో పట్టించుకోలేదు. అది తట్టేసరికి చంకలో పంపు కింద పెట్టేశాను. దిమ్మె ఎత్తు తగ్గించే హక్కు మనకి లేదు.

"ఇది కూడా చాలదే," అన్నాను.

నూకరత్నం తెడ్డు తిప్పుతూనే, "మరేం చాల్తాదే?" అంది. ఆ గొంతులో తిట్టు కూడా లేదు. అందుకే భయం వేసింది నాకు.

అప్పుడే ఫట్‌మని చప్పుడు. అమ్మిరాజు అతికించిన పైపు జాయింటు, నా నడుమెత్తులో, ఊడి వచ్చేసింది. అందులోంచి నీళ్ళు తొడంత లావున చిమ్మి, తెరిచి ఉన్న సంపు మూతలోంచి లోపలికి దబదబా పడ్డాయి. నేను తడిసి ముద్దై జాయింటు పట్టుకోవడానికి పరిగెత్తాను. అలవాటు కదా, కారేది కనపడితే బిగించడమే.

"ఆగవే! ముట్టుకోకు!" అని అరిచింది నూకరత్నం.

తిరిగి చూశాను. ఆవిడ తెడ్డు ఆపేసి తన తొట్టిలోకి చూస్తోంది. తొట్టి నిండా అటూ ఇటూ తోచినట్టు తిరిగే విలసలు, ఒకదాని తర్వాత ఒకటి, ఆ నీటి చప్పుడు వైపు మొహం తిప్పాయి. అన్నీ ఒకే వైపు.

"నడుమెత్తుకి ఇంత నీళ్ళొత్తాయా ఈ పంపుకి?"

"ఎందుకు రావే? ఇంత ఎత్తుకైతే ఇది ఏనుగు. పైకి ఎక్కమంటేనే దానికి ఆయాసం."

"అయితే ఎక్కమనకు."

"మరి చేపలు?"

ఆవిడ గడ్డంతో సంపు చూపించింది.

"సంపులో చేపలేంటే!" అన్నాను. నా నోట ఆ మాట ఎలా రాకుండా ఉంటుంది? పుట్టి బుద్ధెరిగాక సంపంటే నాకు మురికి దిగే చోటు. చేప వదిలితే తొట్టిలో వదలాలి, సంపులో కాదు.

"ఏ మురికే? పైనుంచి ఒక్క చుక్క దిగిందా దీంట్లోకి?"

నిజమే. పైకి నీళ్ళు ఎక్కితే కదా కిందకి మురికి దిగడానికి! శుభ్రమైన వాననీళ్ళు, పొడుగాటి గుంత, ఒక కొసన పడే ధార. అమ్మిరాజు తెలివితక్కువతనానికి కొలత ఎక్కువ కావడం వల్ల లోపల చేపలు ఈదడానికి బోలెడంత చోటు.

కొట్టుకి పరిగెత్తి ఒక ఎల్బో తెచ్చాను, ఆ వంకర ముక్క, రోజూ అరడజను అమ్ముతాను దాన్ని. ఊడిన చోట బిగించి మూతి సంపులోకి వంచాను. పై పైపుకి బిరడా కొట్టాను. సముద్రపు నీళ్ళ చేపని ఒక్కసారి మంచినీళ్ళలో పడేస్తే తట్టుకోలేదని, నూకరత్నం తన తొట్టిలోకి సంపు నీళ్ళు చెంబుతో పోస్తూ, పోస్తూ, చాలాసేపటికి గానీ వదల్లేదు. తొట్టిని నీళ్ళకి దించి, ఒక్కో చేపా తనంతట తనే దాటేదాకా ఆగింది.

తర్వాత ఇద్దరం మూత దగ్గర బోర్లా పడుకుని చూశాం. అవి ధారకి ఎదురుగా బారులు తీరాయి. ధార నెడుతుంటే వెనక్కి జరుగుతాయి, మళ్ళీ తోక ఝాడించి ముందుకి వస్తాయి. ఒక్కటి కూడా వెనక్కి తిరగలేదు.

అష్టమి

కమిషనరు గారు వచ్చారు. మైకులున్నాయి, జెండాలున్నాయి, కరెంటు మాత్రం సగమే. ఉన్న సగం మైకుకే పోతుందేమోనని నాకు గుండె దడ. కానీ పెద్ద పంపు నడుమెత్తుకి సగం కరెంటులో కూడా బాగానే పోస్తోంది. మూత సందులోంచి చప్పుడు వింటూ నిలబడ్డాను.

ప్రెసిడెంటు గారు పైన అద్దం వైపు చెయ్యెత్తి, "పైలంక పులసలు!" అన్నారు. జనమంతా తలలెత్తారు. అద్దాల తొట్టిలో నీళ్ళు తళతళలాడుతున్నాయి. చేపలు లేవు. ఆయన పక్కకి వంగి నన్ను, "ఏవమ్మా?" అని పళ్ళ మధ్యలోంచి అడిగారు.

"వదిలేశామండి," అన్నాను. అబద్ధమేం ఉంది అందులో?

కమిషనరు గారు కళ్ళు చికిలించి, "ఎక్కడండీ?" అన్నారు.

మన ప్రెసిడెంటు గారు ఏం చేశారో తెలుసా? నిమిషం కూడా తడుముకోలేదు. "సార్, పులస సిగ్గరి. జనం ఉంటే రాయి చాటుకి పోతాది. అంత తొందరగా కనపడితే అది పులసే కాదు సార్!" అన్నారు మైకులోనే. కమిషనరు గారు సలహా పెట్టె వైపు తిరిగారు. అది, "నీరు ఉన్న చోట చేపలు ఉండుటకు అవకాశము కలదు," అంది. ఆయన తలూపారు. వెనకనుంచి ఎవడో, "అదిగో తోక!" అన్నాడు. అంతే, ఇక ఊరంతా తోకలు చూడ్డం మొదలుపెట్టింది. మా పక్క కొట్టు సుభద్ర అయితే రెండు పులసలు దెబ్బలాడుకోవడం కూడా చూసిందట.

ఇంత గోలలో నూకరత్నం ఎక్కడుందనుకున్నావు? సంపు మూత పక్కన, గోడకి చేరగిలబడి నిద్రపోతోంది. నోరు తెరుచుకుని, మైకు మీద మైకు మోగుతుంటే. చేతులు మాత్రం ఒళ్ళో కదులుతూనే ఉన్నాయి, ఇటొకసారి, అటొకసారి.

దశమి

తెలిసిపోయింది. తెలియకుండా ఎన్నాళ్ళుంటుంది? అమ్మిరాజు హాలు కొలతలు తీసుకోవడానికి వచ్చి మూత ఎత్తాడు. ప్రెసిడెంటు గారు ఊగిపోతూ వచ్చారు.

"సంపులో చేపలా! ఆడోళ్ళిద్దరూ కలిసి నా పరువు తీద్దామనా? నలుగురూ వింటే నవ్విపోరూ?"

నూకరత్నం చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంటూ, "నలుగురూ పైకి చూత్తన్నారు కదండీ, ఎవరు నవ్వుతారు?" అంది.

"హాలు ఖాళీ చెయ్యి! ఇయ్యాలే! షరతు గుర్తుందా? తొట్టిలో చేపలు కనపడలేదు, హాలు ఐసు కొట్టుకే!"

"అలాగేనండి," అంది నూకరత్నం. "కనపడలేదని కమిషనరు గారికి కబురు పెట్టేయండి. మీరేమో మైకులో ఉన్నాయన్నారు, నన్నడిగితే నేను లేవనే చెప్తాను."

అప్పుడు చూడాలి శేషూ ఆయన మొహం! అమ్మిరాజు టేపు చుట్టేసుకుని వెనక్కి రెండడుగులు వేశాడు. ప్రెసిడెంటు గారు సంపులోకి వంగి చూశారు. సరిగ్గా అప్పుడే ఒక చేప ధార మీదికి ఎగిరింది. నీళ్ళు చిమ్మి ఆయన కళ్ళజోడు తడిసింది. ఆయన కళ్ళజోడు తీయలేదు, తుడవలేదు, అలాగే వంగి చాలాసేపు చూశారు. పోనీలే మనిషే అనుకున్నాను. మరుక్షణంలో లేచి, "ఇంత దూరం ఆలోచించి ఇంత పెద్ద సంపు కట్టించామంటే మాటలా అమ్మిరాజూ?" అన్నారు. రేపు ఈ మూత మీద కూడా పేరు చెక్కిస్తారు. చెక్కించుకోనీ. హాలు నూకరత్నం దగ్గరే ఉంటుంది. కమిషనరు గారు ఉన్నంతకాలం ఆ పై తొట్టిలో చేపలు ఉండి తీరాలి కదా, పాపం ప్రెసిడెంటు గారికి.

వాటి వీపు మీద సముద్రపు నీలం కొద్దికొద్దిగా వెలిసి గోధుమ మెరుపు వస్తోందని నాకనిపిస్తోంది. పులసలైపోయాయా అని నూకరత్నాన్ని అడిగితే కసిరింది. "ఇంకా విలసలేనే. తోకలకి మాత్రం నది తెలిసింది," అంది. ఇంత రభసలో నేను అమ్మింది ఒక్క ఎల్బో ముక్క. నా పంపు మళ్ళీ చంకలో పెట్టుకుని కొట్టుకి తెచ్చేసుకున్నాను.

తీగ కలిసిందంటున్నారు, పోటు దిగేలోపు ఇది పంపించేయాలి. నువ్వు వస్తే మెడలెత్తి నిలబడే జనంలో చేరకు, తిన్నగా సంపు దగ్గరికి రా. పున్నమికి వాటి రంగు ఇంకా తేలుతుందట. మీ ఓడ ఆ పోటుకి ఇటు వస్తుందా? ఎప్పుడు కలుద్దామే?